1991–2007 హైదరాబాద్ కథ రాస్తున్నారా? ఫోన్ నంబరు, రేడియో స్టేషను, ఏరియా దగ్గర జాగ్రత్త

ముందు మీ ప్రశ్న సారాంశం చెప్తాను, తర్వాత చదివేవాళ్లకూ అర్థమవుతుంది. మీరు రాస్తున్న వెబ్ సిరీస్ 1991లో మొదలై 2007లో ముగుస్తుంది. అబ్బాయి ఇల్లు నల్లకుంట, అమ్మాయిది దిల్‌సుఖ్‌నగర్. మేనమామ పటాన్‌చెరులో ఫ్యాక్టరీ ఉద్యోగి, అమ్మమ్మ ఊరు జహీరాబాద్ పక్కన. మొదటి ఎపిసోడ్‌లోనే అబ్బాయి చేతిలో 040తో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరున్న కార్డు. 1995లో అతనికి హైటెక్ సిటీలో ఉద్యోగం. 1996లో అమ్మాయి ఎఫ్‌ఎం ఆర్‌జే, ఆమె గొంతును అమ్మమ్మ ఊళ్లో వింటుంది. ఇందులో చిన్న చిన్న తప్పులుంటే చెప్పమన్నారు.

టెలిఫోన్ శాఖలో ఔట్‌డోర్ పని చేసి రిటైరైనవాణ్ణి. గుంతలు, కేబుళ్లు, స్తంభాలు, తిట్లు అన్నీ చూశాను. రేడియో పిచ్చి చిన్నప్పటిది. కాబట్టి చెప్తున్నాను, ఇవి చిన్న తప్పులు కావండీ. ఆ కాలంలో నంబరు చూస్తే మనిషి ఎక్కడుంటాడో తెలిసేది. ఫోన్ నంబరు, ఇంటి నంబరు, పిన్ కోడ్, రేడియో మీటర్లు, అన్నీ చోటును పట్టుకుని ఉండేవి. 2000 దాటాక ఒక్కొక్కటే ఆ ముడి వదులుకుంటూ వచ్చాయి. మీ కథ సరిగ్గా ఆ పదహారేళ్ల మీదే నడుస్తోంది. అందుకే ఏ సీను ఏ సంవత్సరమో ముందు తేల్చుకోండి, మిగతావి దాన్నిబట్టి వస్తాయి.

కార్డుతో మొదలుపెడదాం. 1991లో హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్, అంటే వేరే ఊళ్లనుంచి చేసేవాళ్లు నంబరు ముందు కొట్టే అంకెలు, 040 కాదు, 0842. తొంభైల మధ్యలో 040 అయింది. 1991 నాటికి నంబర్లు ఆరంకెలవి. తర్వాత ఏడంకెలయ్యాయి. 2002–03 ప్రాంతంలో ల్యాండ్‌లైన్ నంబర్ల ముందు 2 చేర్చడంతో ఎనిమిదంకెలయ్యాయి. దేశమంతా కోడూ నంబరూ కలిపి పదంకెలు చెయ్యాలన్న లెక్క అది. సున్నా తీసేస్తే 40 రెండంకెలు, కాబట్టి నంబరు ఎనిమిది. విజయవాడ 866 మూడంకెలు, నంబరు ఏడు. సంగారెడ్డి 8455 నాలుగంకెలు, నంబరు ఆరు. మీ ఆర్ట్ డైరెక్టర్‌కి ఈ ఒక్క లెక్క చెప్పండి, షాపు బోర్డులన్నీ సర్దుకుంటాయి. 1991 బోర్డు మీద 0842తో ఆరంకెలు, 1998 బోర్డు మీద 040తో ఏడు, 2004లో ఎనిమిది. పాత బోర్డు మీద ముందు 2 అని వేరే రంగుతో పెయింటు కొట్టించుకున్న కిరాణా కొట్లు ఆ రోజుల్లో వీధికి నాలుగు. అది చూపిస్తే సంవత్సరం వెయ్యక్కర్లేదు.

అంతకంటే ముందు ఇంకో ప్రశ్న. 1991లో నల్లకుంటలో గుమస్తా ఇంట్లో ఫోన్ ఎలా ఉంది? దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసే రోజులవి. డిపాజిట్ ఎక్కువ కట్టి ఓవైటీ (ఓన్ యువర్ టెలిఫోన్) పథకం కింద తీసుకున్నవాళ్లకి కాస్త ముందు వచ్చేది. లేనివాళ్లు పక్కింటి నంబరో, కింది వాటా ఓనరు నంబరో ఇచ్చి పక్కన 'పీపీ' అని రాసేవారు. ఫోన్ మోగితే ఓనరు గారి పిల్లాడు మెట్లెక్కి వచ్చి పిలుస్తాడు. మనవాడు పరుగెత్తి వెళ్లి, ఆ ఇంటి హాల్లో అందరూ చూస్తుండగా గొంతు తగ్గించి మాట్లాడాలి. ప్రేమకథకి ఇంతకంటే మంచి ఇబ్బంది ఏం కావాలి చెప్పండి. సొంత ఫోన్ పెట్టి ఆ సీను మీ చేతులారా పోగొట్టుకుంటున్నారు.

ఇక నంబరు లోపల ఏరియా ఎలా దాగి ఉంటుందో చెప్తాను, నాకు బాగా తెలిసిన సంగతి ఇదే. మీ ఇంటి నుంచి ఎక్స్ఛేంజీ దాకా రాగి తీగల జత ఒకటి ఉంటుంది. ఎక్స్ఛేంజీలో ఎండీఎఫ్ అనే పెద్ద ఫ్రేము దగ్గర అది మొదలవుతుంది. లావుపాటి ప్రైమరీ కేబుల్లో రోడ్డు కింద నడిచి, మూలమీద ఇనుప క్యాబినెట్‌కి వస్తుంది. అక్కణ్ణించి సన్న కేబుల్లో గల్లీలోకి, స్తంభం మీది డీపీ పెట్టెలోకి, చివరికి నల్లటి డ్రాప్ వైరు మీ కిటికీలోకి. తీగ పొడుగయ్యేకొద్దీ మాట సన్నగిల్లుతుంది, కాబట్టి ఒక ఎక్స్ఛేంజీ కొన్ని కిలోమీటర్ల మేరే చూసుకోగలదు. పైగా కేబుల్ వెయ్యాలంటే రోడ్డు తవ్వాలి. రైలు పట్టాలు దాటాలంటే రైల్వే వాళ్ల అనుమతి, నాలా దాటాలంటే వంతెన పక్కన పైపు. ఎందుకొచ్చిన గొడవ అని పట్టాల దగ్గరా నాలా దగ్గరా హద్దు ఆపేసేవాళ్లం. నగరంలో ఎక్స్ఛేంజీ ఏరియా మ్యాపు తీసి చూస్తే కార్పొరేషన్ వార్డులు కనబడవు. మూసీ, హుస్సేన్‌సాగర్ నాలా, కాచిగూడ–సికింద్రాబాద్ రైలు మార్గం కనబడతాయి.

ఏడంకెల కాలంలో మొదటి అంకె చూస్తే దిక్కు తెలిసేది. 3 అంటే ఖైరతాబాద్, బంజారాహిల్స్, అటు పడమటికి కూకట్‌పల్లి దాకా. 4 అంటే కోఠి, పాతబస్తీ, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్. 7 అంటే సికింద్రాబాద్, తార్నాక, ఉస్మానియా యూనివర్సిటీ వైపు. 2 చేరాక అవే 23, 24, 27 అయ్యాయి. మరి నల్లకుంట? అక్కడి మనిషి తనది సికింద్రాబాద్ అని చచ్చినా అనడు. చిరునామా హైదరాబాద్, పిన్ 500044. కానీ నంబరు మాత్రం 7తోనే మొదలయ్యేది, చిక్కడపల్లి, విద్యానగర్‌లతో పాటు. తీగలు ఆ వైపు నుంచి వచ్చాయి మరి. మీ అమ్మాయిది దిల్‌సుఖ్‌నగర్ కాబట్టి 4. వాళ్ల నాన్న కాగితం ముక్క మీద 7తో మొదలయ్యే నంబరు చూసి 'ఎవరే ఈ విద్యానగర్ వాడు' అని అడిగితే, ఆ తరం ప్రేక్షకులు అవునంటారు. ఇద్దరిదీ ఒకే కోడ్ కాబట్టి అది లోకల్ కాల్. రూపాయి కాయిన్ బాక్సు చాలు. ఎస్‌టీడీ బూతులో ఎర్రంకెల మీటరు చూసుకుంటూ చెమటలు పట్టే సీను వీళ్ల మధ్య కుదరదు.

ఆ సీను మేనమామకి దాచండి. పటాన్‌చెరు ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన చోటు. ముంబై హైవే మీద రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్ ఉంది కదా, దాని ఫోన్లు హైదరాబాద్ కోడ్ కిందే. అక్కణ్ణించి పటాన్‌చెరు ఊరు పట్టుమని పది కిలోమీటర్లు లేదు. కానీ అది సంగారెడ్డి కింద, కోడ్ 08455. రోజూ బస్సెక్కి వచ్చి వెళ్లే దూరానికి ఫోన్ చెయ్యాలంటే సున్నా కొట్టాలి. 2000ల మొదట్లో దగ్గరి ఊళ్లకి రేటు తగ్గించి, సున్నా బదులు 95 కొట్టమన్నారు. 95, ఆపైన 8455, ఆపైన నంబరు. కొన్నేళ్లకి అదీ పోయింది. విచిత్రమేమంటే అదే పటాన్‌చెరు పక్కనున్న వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కాగితాల మీద మాత్రం 040 నంబరే ఉండేది. పెద్ద సంస్థలకి అలాంటి ఏర్పాట్లు నడిచేవి, ఫ్యాక్టరీలో చిన్న ఉద్యోగికి ఎవరు చేస్తారు?

బీహెచ్‌ఈఎల్ దగ్గర నిలబడి ఒకసారి లెక్క వెయ్యండి. ఫోన్ వాళ్ల దృష్టిలో హైదరాబాద్. పోస్టల్ వాళ్ల దృష్టిలో 502032, అంటే 500 వరసలో లేదు, మెదక్ వైపు వరస. రెవెన్యూ వాళ్లకి మెదక్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి సంగారెడ్డి జిల్లా. ఆర్టీసీ వాళ్లకి ఇవేవీ పట్టవు, 218 నంబరు బస్సు పటాన్‌చెరు నుంచి కోఠికి సిటీ బస్సుగానే తిరిగేది. 2007 ఏప్రిల్ 16న జీహెచ్‌ఎంసీ, అంటే గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్, వచ్చినప్పుడు 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిశాయి. అందులో రామచంద్రాపురం, పటాన్‌చెరు కూడా ఉన్నాయి. అంటే మీ ఆఖరి ఎపిసోడ్‌కి మేనమామ చట్టప్రకారం నగరవాసి. ఆయన ఫోన్ మాత్రం ఇంకా సంగారెడ్డిదే. నన్నడిగితే ఆయన చేత ఈ మాట మీద ఒక్క విసురు వేయించండి.

దిల్‌సుఖ్‌నగర్‌కీ ఇలాంటి పేచీయే ఉంది. గడ్డిఅన్నారం 2007 దాకా వేరే మున్సిపాలిటీ, రంగారెడ్డి జిల్లా. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద షాపింగ్ చేసి నాలుగు గల్లీలు లోపలికి నడిస్తే నల్లాబిల్లు వేరు, ఇంటిపన్ను వేరు, ఎమ్మార్వో ఆఫీసు వేరు. కానీ ఫోన్, పిన్ 500060, బస్సు అన్నీ హైదరాబాద్‌వే. అమ్మాయి తండ్రి ప్లాటు కొన్న సీను ఉందన్నారు. రిజిస్ట్రేషన్ కాగితాల మీద రంగారెడ్డి జిల్లా అని రాయించండి, హైదరాబాద్ జిల్లా అని రాయిస్తే తెలిసినవాళ్లు నవ్వుతారు.

ఇంటి నంబర్ల గురించి రెండు ముక్కలు. హైదరాబాద్ ఇంటి నంబరు వార్డు, బ్లాకు, ఇల్లు అనే వరసలో ఉంటుంది. 2-1 అంటే నల్లకుంట. 3-6 హిమాయత్‌నగర్, 6-3 సోమాజిగూడ, పంజాగుట్ట వైపు, 12-2 మెహదీపట్నం, 16-11 మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వైపు. 8-2-293/82 అని చూడగానే పాతవాళ్లు జూబ్లీహిల్స్ అంటారు. ఆ ఒక్క నంబరు కింద ఎన్ని వందల ఇళ్లు పుట్టాయో, బై తర్వాత బై పెట్టుకుంటూ పోయారు. మీ స్క్రిప్టులో నల్లకుంట ఇంటికి '45/బి' అని ఉంది. అది ఏ బొంబాయి కాలనీలోనో చెల్లుతుంది.

అయినా ఆ నంబర్లతో ఇల్లు వెతుక్కున్నవాడు ఎవడూ లేడు, పోస్టుమ్యాన్ తప్ప. వరసగా ఉండవు కాబట్టి. నల్లకుంటలో ఎవరైనా దారి చెప్పేది ఫీవర్ ఆస్పత్రి దగ్గర, శంకరమఠం వెనక, శివం రోడ్డు వైపు అనే. మాకూ అంతే. ఫిర్యాదు కాగితం మీద ఇంటి నంబరు ఉన్నా లైన్‌మన్ చూసేది డీపీ నంబరూ జత నంబరూ. 'రామాలయం పక్క స్తంభం, నాలుగో జత' అంటే చీకట్లో కూడా వెళ్లి పట్టుకునేవాడు. మీ కథలో లైన్‌మన్ పాత్ర ఉంటే ఆ భాష వాడించండి. ఫిర్యాదుకి 198, నంబరు కనుక్కోవడానికి 197, ట్రంక్ కాల్ బుకింగుకి 180.

నల్లకుంట అంటున్నారు కాబట్టి ఇంకోటి. 2000 ఆగస్టు వరదని కథలోకి తెచ్చుకోండి. ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్‌సాగర్ నాలా అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట మీదుగా గోల్నాక దాటి మూసీలో కలుస్తుంది, నాలా వెంబడి బస్తీలన్నీ మునిగాయి. అలాంటప్పుడు కేబుల్ ఎలా చస్తుందో చెప్తాను. తీగ తెగదు. పాత కేబుళ్లలో తీగల మీద చుట్టింది కాగితం. జాయింటులో నీళ్లు దూరితే ముందు గరగర మొదలవుతుంది. తర్వాత మీ ఫోన్‌లో పక్కవాళ్ల మాటలు వినపడతాయి. ఆ తర్వాత ఎవరూ కొట్టకుండానే ఫోను ఒకసారి చిన్నగా మోగి ఆగిపోతుంది. ఇక చచ్చినట్టే. కొత్తగా వేసిన, లోపల జెల్లీ నింపిన కేబుల్లో ఈ బాధ తక్కువ. వాన వెలిశాక గుంత తవ్వి, నీళ్లు తోడి, ఒక్కో జతా విప్పి, రంగు చూసుకుని మళ్లీ మెలిపెట్టాలి. వందల జతలు. ఈ లోపల పైన నిలబడి 'ఇంకెంతసేపయ్యా' అనేవాళ్లు పదిమంది. ప్రేమికులిద్దరికీ సంబంధం తెగిపోవడానికి విలన్ తండ్రి ఎందుకండీ, నాలా చాలు.

ఇప్పుడు రేడియో. 1996లో హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్‌ఎం లేదు. ఆర్‌జే అనే మాట కూడా మన ఊళ్లో ఎవరికీ తెలీదు. దేశంలో మొదటి ప్రైవేటు స్టేషను బెంగళూరులో 2001 జూలైలో వచ్చింది. హైదరాబాద్‌కి 2006లో గానీ రాలేదు. మీ అమ్మాయికి 1996లో మైకు కావాలంటే సైఫాబాద్‌లోని ఆకాశవాణికి పంపండి. అక్కడ యువత కోసం యువవాణి కార్యక్రమం ఉంది. కాలేజీ పిల్లలు ఆడిషన్ ఇచ్చి, క్యాజువల్ అనౌన్సర్లుగా చేరేవారు. చేతికొచ్చే చెక్కు చిన్నదే, కాలనీలో పేరు మాత్రం పెద్దది. స్క్రిప్టు ముందే రాసి చూపించాలి. స్టూడియో తలుపు మీద ఎర్రదీపం, లోపల నిశ్శబ్దం, బయట బెంచీ మీద హార్మోనియం పట్టుకుని కూర్చున్న ముసలాయన. మీరు రాసుకున్న 'హాయ్ హైదరాబాద్' అరుపులు అక్కడ పనికిరావు. 'ఆకాశవాణి, హైదరాబాదు కేంద్రం' అని ఆగి ఆగి చెప్పాలి. అదే అమ్మాయిని 2006లో ప్రైవేటు స్టేషనుకి మార్చండి. పదేళ్లలో ఆమె మాట్లాడే తెలుగు ఎలా మారిందో వినిపిస్తే మీ సిరీస్‌కి అదే పెద్ద సంగతి అవుతుంది.

అమ్మమ్మ విషయానికి వద్దాం. జహీరాబాద్ హైదరాబాద్‌కి దాదాపు వంద కిలోమీటర్లు. ఎఫ్‌ఎం తరంగం చూపు ఆనినంత మేర పోతుంది, భూమి వంపు తిరిగినచోట ఆగుతుంది. ఎత్తైన టవరు మీంచి కూడా అరవై కిలోమీటర్లు దాటితే నమ్మకం లేదు. నగరంలోనే బంజారాహిల్స్ గుట్టల వెనక, ఫ్లైఓవర్ల కింద కారు రేడియో తడబడేది. కాబట్టి 2006లో కూడా అమ్మమ్మ ఆ గొంతు వినలేదు. కానీ 1996లో హాయిగా వింటుంది. హైదరాబాద్ 'ఏ' కేంద్రం 738 కిలోహెర్ట్జ్, 200 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్. మీడియం వేవ్ నేలను పట్టుకుని పాకుతుంది. యువవాణి ఆ కేంద్రం మీద రావడం లేదంటారా, ఏదో పండగ ప్రత్యేక కార్యక్రమంలో 738 మీద ఆమె చేత మాట్లాడించండి. అమ్మమ్మ ట్రాన్సిస్టర్‌ని గూట్లో పెట్టి, అటూ ఇటూ తిప్పి చూడాలి. లోపల ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, దాని కొస స్టేషను వైపు తిరిగితే మాట మాయం, అడ్డంగా తిరిగితే ఖంగున వస్తుంది. చదువురాని ముసలమ్మలకి కూడా ఈ సంగతి చేతికి తెలుసు. రాత్రయితే దూరపు స్టేషన్లన్నీ ఆకాశం మీంచి తిరిగొచ్చి మీద పడతాయి, అప్పుడు ఒకదాని వెనక ఒకటి గొణుగుతుంటాయి. పగటి సీను, రాత్రి సీను శబ్దం వేరువేరుగా ఉండాలని మీ సౌండు ఇంజనీరుకి చెప్పండి.

738ని మీటర్లలో, అంటే తరంగం పొడవుగా, చెప్తే 406.5. అనౌన్సర్లు రెండూ చెప్పేవారు. ఒక సరదా సంగతి. 738, విజయవాడ 837, విశాఖ 927, హైదరాబాద్ 'బి' 1377, ఏదైనా అంకెలు కూడండి, 18 వస్తుంది. కడప 900, అది కూడితే 9. 1978 చివర్లో మన ప్రాంతపు మీడియం వేవ్ అంతా 9 కిలోహెర్ట్జ్ ఎడంతో సర్దారు, కాబట్టి ప్రతి స్టేషనూ 9తో నిశ్శేషంగా పోతుంది. ఆర్ట్ డిపార్టుమెంటు వాళ్లు రేడియో డయల్ మీద ముల్లు ఎక్కడ పెట్టినా ఈ లెక్క సరిచూసుకోవచ్చు.

ఇంకా చెప్పాలంటే, 738 అంటే హైదరాబాదే, 837 అంటే విజయవాడే, ఎస్‌టీడీ కోడ్ లాగా. ప్రైవేటు ఎఫ్‌ఎం వచ్చాక అది పోయింది. 98.3 అంటే హైదరాబాద్‌లోనూ మిర్చి, విజయవాడలోనూ మిర్చి, విశాఖలోనూ మిర్చి. నంబరు ఊరిది కాదు, కంపెనీది. 2006–07లో హైదరాబాద్ డయల్ మీద 91.1 రేడియో సిటీ, 92.7 బిగ్, 98.3 మిర్చి ఉంచండి, పక్కన ఆకాశవాణి వాళ్ల 101.9 రెయిన్‌బో, 102.8 వివిధ భారతి. ప్రైవేటు వాళ్లకి వార్తలు చదివే అనుమతి లేదు. మీ 2007 ఎపిసోడ్‌లో ఆర్‌జే బ్రేకింగ్ న్యూస్ చెప్తుంది, అది తీసెయ్యాలి. ట్రాఫిక్ చెప్పొచ్చు, వాన చెప్పొచ్చు. అందుకే వాళ్ల లోకల్ అంతా ట్రాఫిక్ జామ్ చుట్టూ తిరిగింది. పొద్దస్తమానం పంజాగుట్ట, అమీర్‌పేట మైత్రివనం, మెహదీపట్నం, బేగంపేట. ఆ రోజుల్లో ఎఫ్‌ఎం వింటే హైదరాబాద్‌లో పడమటి సగమే ఉందనిపించేది. పాతబస్తీ పేరు రంజాన్ హలీం అప్పుడు తప్ప వినపడేది కాదు. ఆకాశవాణిలో మాత్రం ఉర్దూ కార్యక్రమం 'నైరంగ్' ఎప్పట్నించో నడుస్తోంది, షాలిబండ ముసలాయనలకి అదే రాత్రి భోజనం తర్వాతి పాన్. అలాంటి ఆయన ఒకరు మీ కథలో ఉంటే, ఆకాశవాణిని దక్కన్ రేడియో అనే పిలవనివ్వండి. నిజాం ప్రభుత్వంలో 1935 ఫిబ్రవరి 3న మొదలై, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. ఆ పేరు నోట్లోంచి పోనివాళ్లు తొంభైల్లో కూడా ఉన్నారు.

అమ్మమ్మ ఊరికి సొంత రేడియో కావాలంటే మీ కథ ఒక్క ఏడాది పొడిగించాలి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరులో సంఘం రేడియో మొదలైంది, దళిత మహిళలు నడిపే కమ్యూనిటీ రేడియో, 90.4. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ల బోల్ హైదరాబాద్ కూడా 90.4నే. ఇద్దరికీ గొడవ లేదు, అంత తక్కువ పవరు. ఒకరి మాట ఇంకొకరి పొలిమేర చేరదు.

టీవీ గురించి మీరు అడగలేదు గానీ, లోకల్ ప్రసారం అంటే నాకు ముందు గుర్తొచ్చేది గల్లీ కేబుల్. రామంతాపూర్ దూరదర్శన్ నగరమంతటిదీ, రాష్ట్రమంతటిదీ. కేబుల్ ఆపరేటర్ మాత్రం మీ నాలుగు వీధులవాడు. డాబాల మీంచి డాబాల మీదికి వైరు లాగేవాడు, మా స్తంభాలు కూడా అడక్కుండా వాడుకునేవాడు. ఎవడి హద్దు ఎక్కడిదాకా అనేది కత్తులు దూసేంత విషయం. సాయంత్రం వాడి సొంత చానల్లో సినిమా, అడుగున పాకే అక్షరాలు. పదో తరగతి ట్యూషన్లు, చీరలకి ఫాల్ కుట్టబడును, ఫలానా అపార్టుమెంట్లో టూలెట్, తప్పిపోయిన కుక్క. నల్లకుంట వాళ్ల పాకే అక్షరాలు విద్యానగర్‌లో రావు. అబ్బాయి అమ్మాయికి రహస్యంగా ఏదైనా చెప్పాలనుకుంటే ఆమె వీధి కేబులతనికి కాసిని రూపాయలిచ్చి ఒక లైను పాకించాడనుకోండి. 1995 ఆగస్టులో ఈటీవీ వచ్చాక కూడా ఆ లోకల్ చానల్ బతికింది. 2013లో సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి అయ్యాక ఆ ఆటలు తగ్గాయి.

హైటెక్ సిటీ సంగతి త్వరగా ముగిస్తాను. సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. 1995లో అక్కడ మాదాపూర్ అనే ఊరూ బండరాళ్లూ. అబ్బాయికి అప్పుడు కంప్యూటర్ ఉద్యోగమే కావాలంటే అమీర్‌పేటలోనో బేగంపేటలోనో పెట్టండి.

ఇక మొబైల్. 1999 సీనులో అబ్బాయి సెల్లులో పావుగంట మాట్లాడాడని రాశారు. వచ్చే కాల్‌కి కూడా డబ్బులు పోయే కాలమది, 2003 మే నెల దాకా. ఫోన్ మోగితే నంబరు చూసి కట్ చేసి, కాయిన్ బాక్సుకి పరుగెత్తేవాళ్లు. నంబరు 98480తోనో 98490తోనో మొదలవ్వాలి, ఒకటి టాటా సెల్యులార్ తర్వాత ఐడియా అయినది, రెండోది తర్వాత ఎయిర్‌టెల్ అయినది. బీఎస్‌ఎన్‌ఎల్ 94400 తర్వాతది. ఆ అంకెలు నల్లకుంట, దిల్‌సుఖ్‌నగర్ అన్న తేడా చెప్పవు, రాష్ట్రమంతా ఒకటే సర్కిల్. అమ్మాయి తండ్రి కాగితం మీద నంబరు చూసి కుర్రాడు ఏ గల్లీవాడో పసిగట్టే సీను ఇక ఇక్కడ చెల్లదు. ఇంకోటి, కంపెనీ మారినా నంబరు ఉంచుకునే సౌకర్యం 2011 జనవరిలో గానీ రాలేదు. 2007లో అబ్బాయి కంపెనీ మారితే పాత నంబరు పోయినట్టే. కొన్నాళ్లకి అది ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఆఖరి ఎపిసోడ్‌లో అమ్మాయి చేసే ఫోను ఎవరెత్తుతారో మీరు రాసుకోండి.

తెర మీద నంబరు చూపించేటప్పుడు చివరి మూడంకెలు వేలి కిందో మడతలోనో పోనివ్వండి. పూర్తిగా కనబడితే ఆ నంబరున్న ఇంట్లో రాత్రంతా ఫోన్ మోగుతుంది, సినిమాల పుణ్యమా అని అలాంటి ఫిర్యాదులు మా కౌంటరుకి వచ్చేవి.